పిల్లల్ని తీసుకుపోయిన కథను పాటగా కట్టిన ఆర్చీ రోచ్

ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలా తెగలకు ఒక ఆచారం ఉంది. మనిషి చనిపోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, ఫొటో చూపరు. పాడే మనిషి అయితే ఆ గొంతు కూడా వినిపించరు. 2022 జులై 30న గాయకుడు, పాటల రచయిత ఆర్చీ రోచ్ కన్నుమూసినప్పుడు ఆయన కుటుంబం వేరే నిర్ణయం తీసుకుంది. ఆయన పేరు చెప్పుకోవచ్చు, బొమ్మ చూపవచ్చు, పాటలు వినిపించవచ్చు అని అనుమతి ఇచ్చింది. ఆయన పాటలు ఇంకా చాలామందికి ధైర్యం చెప్పాలన్నది వారి కోరిక. ఆ అనుమతి ఉంది కాబట్టే ఈ వ్యాసంలో ఆయన పేరు రాస్తున్నాం.

మన సావనీరులో ఎక్కడో ఆస్ట్రేలియా గాయకుడి గురించి ఎందుకు అని కొందరు అడగవచ్చు. ప్రభుత్వ రికార్డులో లేని ఒక జాతి దుఃఖాన్ని ఒక పాట దేశం ముందు ఎలా నిలబెట్టిందో, ఆ పాటను చిన్న రేడియోలు ఎలా మోశాయో తెలుసుకోవడం మనకు అవసరం. మన చరిత్ర కూడా ఎక్కువగా పాటల్లోనే ఉంది.

చట్టం పేరుతో జరిగిన పని

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1869లో ఆదివాసుల రక్షణ చట్టం వచ్చింది. పేరు రక్షణ. అమలులో అది ఆదివాసులు ఎక్కడ ఉండాలి, ఏ పని చేయాలి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి అన్నది ఒక బోర్డు చేతిలో పెట్టింది. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలే వచ్చాయి. తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుని అనాథాశ్రమాల్లో, మిషన్లలో, తెల్లవారి ఇళ్లలో పెంచారు. భాష, తెగ పేరు, బంధువులు అన్నీ మరిచిపోతే వాళ్లు 'మంచి పౌరులు' అవుతారని అధికారుల లెక్క. 1910 నుంచి 1970 వరకు ప్రతి పది మంది ఆదివాసీ పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి వరకు ఇలా దూరమయ్యారని తరువాత జరిగిన జాతీయ విచారణ అంచనా వేసింది. వీరినే అక్కడ 'అపహరణకు గురైన తరాలు' అంటారు.

ఆర్చీ 1956 జనవరి 8న విక్టోరియాలోని మూరూప్నాలో పుట్టాడు. తల్లి గుండిట్జ్‌మారా తెగ, తండ్రి బుంజలుంగ్ తెగ. ఫ్రామ్లింగమ్ అనే పాత మిషన్ భూమిలో కుటుంబం ఉండేది. ఇంకా బడి వయసు కూడా రాకముందే అధికారులు ఆర్చీనీ, తోబుట్టువులనూ తీసుకుపోయారు. అనాథాశ్రమం, తరువాత ఒకటి రెండు ఇళ్లు మారాక మెల్‌బోర్న్‌లో స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కాక్స్ దంపతుల ఇంటికి చేరాడు. ఆ పిల్లవాడి కుటుంబం అగ్నిప్రమాదంలో చనిపోయిందని వారికి చెప్పారు. వాళ్లు దాన్ని నమ్మారు.

కాక్స్ కుటుంబం ఆర్చీని ప్రేమగానే చూసింది. ఇంట్లో పెంపుడు తండ్రి స్కాట్లాండ్ పాటలు పాడేవాడు. పెద్ద కూతురు చర్చి పాటలు పాడుతూ ఆర్చీకి గిటార్, కీబోర్డు మొదటి పాఠాలు నేర్పింది. పెంచిన వాళ్లు మంచివాళ్లే అయినా జరిగిన అన్యాయం అన్యాయమే. ఈ రెండు మాటలూ ఆర్చీ జీవితమంతా కలిపే చెప్పాడు, ఒకదాని కోసం ఇంకొకటి దాచలేదు.

పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో బడికి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది మర్టల్, ఆయన సొంత అక్క. తల్లి ఇటీవలే చనిపోయిందని అందులో ఉంది. తనకు అక్కలు, అన్నలు ఉన్నారని ఆర్చీకి తెలిసిందీ, తల్లి ఇక లేదని తెలిసిందీ ఒకే ఉత్తరంతో. అంతవరకు ఆమె బతికే ఉందన్నమాట. కొద్ది రోజుల్లోనే గిటార్ తీసుకుని ఇల్లు విడిచి వెళ్లిపోయాడు.

వీధిలో దొరికిన తోడు

ఆ తరువాతి ఏళ్లు వీధుల్లోనే గడిచాయి. సారాకు బానిసయ్యాడు, జైలుకూ వెళ్లాడు. పదహారేళ్ల వయసు ప్రాంతంలో అడిలైడ్ నగరంలో సాల్వేషన్ ఆర్మీ నడిపే వసతి గృహంలో రూబీ హంటర్ అనే అమ్మాయి కలిసింది. ఆమె ముర్రే నది ఒడ్డున పుట్టింది. ఆమెనూ ఎనిమిదేళ్ల వయసులో ఇంటి నుంచి తీసుకుపోయారు. ఇద్దరిదీ ఒకే గాయం. ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు పుట్టాక తాగుడు మానడానికి ఇద్దరూ ఏళ్ల తరబడి పోరాడారు. 1980ల చివర మెల్‌బోర్న్‌లో మరికొందరు ఆదివాసీ కళాకారులతో కలిసి ఒక బృందం పెట్టుకుని పాడడం మొదలుపెట్టారు.

కాలేజీ రేడియోలు తెరిచిన తలుపు

ఇక్కడ రేడియో సంగతి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో వ్యాపార రేడియోలు ఏ పాట వేయాలో ముందే జాబితా వేసుకునేవి. ప్రకటనదారులకు ఇబ్బంది కలిగించే పాట, పేరులేని గాయకుడి పాట ఆ జాబితాలోకి వచ్చేది కాదు. ఆదివాసీ గాయకుడికి ఆ రెండు అడ్డంకులూ ఉండేవి.

దీనికి దారి విశ్వవిద్యాలయాల వైపు నుంచి వచ్చింది. అడిలైడ్ విశ్వవిద్యాలయంలో 1972లో 5యూవీ అనే స్టేషన్ మొదలైంది. ఆస్ట్రేలియాలో కమ్యూనిటీ రేడియోకు అదే నాంది. ఆదివాసులే తయారు చేసిన తొలి కార్యక్రమం కూడా ఆ ఏడాదే ఆ స్టేషన్ నుంచి ప్రసారమైంది. అదే విశ్వవిద్యాలయంలో ఆదివాసీ సంగీత అధ్యయన కేంద్రం పెరిగింది. నో ఫిక్స్‌డ్ అడ్రస్, అస్ మాబ్ వంటి ఆదివాసీ బ్యాండ్లు అక్కడి నుంచే వచ్చాయి. మెల్‌బోర్న్‌లో ఒక సాంకేతిక విద్యాసంస్థలో 1976లో మొదలైన విద్యార్థి రేడియో తరువాత ట్రిపుల్ ఆర్ అనే పేరుతో నగరమంతటికీ తెలిసింది. అదే ఏడాది ప్రజా సంఘాలు 3సీఆర్ స్టేషన్ పెట్టుకున్నాయి. 1980లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆదివాసుల సొంత ప్రసార సంస్థ కామా ఏర్పడింది. వారి భాషల్లో వార్తలు, పాటలు, ఆరోగ్య విషయాలు చెప్పడమే కాక, పాటలను రికార్డు చేసి క్యాసెట్లుగా ఊళ్లకు పంపింది.

వీటి దగ్గర డబ్బు లేదు. పనిచేసేవారిలో చాలామంది విద్యార్థులు, స్వచ్ఛందంగా వచ్చినవారు. అయితే మైకు ముందు ఎవరు కూర్చోవాలో ప్రకటనదారు నిర్ణయించని చోటు అదొక్కటే. సంగీత కంపెనీల మనుషులు కూడా కొత్త గొంతుల కోసం ఈ స్టేషన్లను వినేవారు.

పాట పుట్టిన తీరు

ఫ్రామ్లింగమ్ పెద్ద బాంజో క్లార్క్ ఒకరోజు ఆర్చీతో, పిల్లల్ని తీసుకుపోయిన రోజు గురించి పాట కట్టమన్నాడు. ఆ రోజు ఏం జరిగిందో ఆర్చీకి అంతగా గుర్తులేదు. అప్పటికి మరీ చిన్నవాడు. చూసిన పెద్దలు చెప్పారు. మనవైపు ఇలవేల్పు కథలు ఒక తరం నోటి నుంచి ఇంకో తరం చెవికి చేరినట్టే ఆ కథా ఆయనకు చేరింది. అలా వచ్చిన పాట 'టుక్ ద చిల్డ్రన్ అవే'. అంటే 'పిల్లల్ని తీసుకుపోయారు' అని.

1988లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆంగ్లేయులు వచ్చి రెండు వందల ఏళ్లయిందని ఉత్సవాలు చేసింది. ఆదివాసులు సిడ్నీలో నిరసనకు దిగారు. ఆర్చీ ఆ నిరసనలో ఈ పాట పాడాడు. మెల్‌బోర్న్‌లో ఒక కమ్యూనిటీ రేడియోలోనూ, ఒక ఆదివాసీ టీవీ కార్యక్రమంలోనూ వినిపించాడు. పాల్ కెల్లీ అనే పేరున్న గాయకుడి గిటారిస్టు స్టీవ్ కొనొలీ ఆ టీవీ కార్యక్రమం చూసి కెల్లీకి చెప్పాడు. 1989లో మెల్‌బోర్న్ కాన్సర్ట్ హాలులో తన కచేరీకి ముందు పాడమని కెల్లీ ఆర్చీని పిలిచాడు.

ఆ హాలులో ఉన్నవారిలో ఎక్కువమంది తెల్లవారు. పాట ముగిసింది. ఒక్క చప్పట్లు లేవు. నచ్చలేదనుకుని ఆర్చీ వేదిక దిగబోయాడు. అప్పుడు ఎక్కడో ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టారు. అవి హాలంతా పాకాయి. వినిపించినదాన్ని తట్టుకోవడానికి వారికి అంత సమయం పట్టింది.

కంపెనీ గుమ్మంలో

కెల్లీ ఆల్బమ్ చేద్దామన్నాడు. ఆర్చీ వెంటనే ఒప్పుకోలేదు. సంగీత వ్యాపారం తన లోకం కాదని వెనకాడాడు. ఒప్పించింది రూబీ. ఇది నీ ఒక్కడి సంగతి కాదు, మనవాళ్లలో రికార్డు చేసే అవకాశం ఎంతమందికి వస్తుందని ఆమె నిలదీసిందని ఆయనే తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

1990లో 'చార్‌కోల్ లేన్' ఆల్బమ్ మష్రూమ్ రికార్డ్స్‌కు చెందిన అరోరా లేబుల్ మీద వచ్చింది. నిర్మించింది కెల్లీ, కొనొలీ. మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్ ప్రాంతంలో ఇల్లులేని ఆదివాసులు గుమికూడే సందు పేరే ఆల్బమ్ పేరు. గిటారు, గొంతు ముందు ఉంటాయి. మిగతా వాయిద్యాలు పక్కకు తప్పుకుని ఉంటాయి. అప్పటి ఫ్యాషన్‌కు తగ్గట్టు పాటను మార్చమని నిర్మాతలు అడగలేదు. అందులో రూబీ రాసిన 'డౌన్ సిటీ స్ట్రీట్స్' కూడా ఉంది, రచయితగా ఆమె పేరుతోనే. 1991లో ఆ ఆల్బమ్‌కు ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా పురస్కారాలు రెండు వచ్చాయి. 'టుక్ ద చిల్డ్రన్ అవే' పాటకు మానవ హక్కుల పురస్కారం దక్కింది. ఒక పాటకు ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. 1994లో రూబీ సొంత ఆల్బమ్ 'థాట్స్ వితిన్' విడుదలైంది.

ఆర్చీకి కోట్లు రాలేదు. వ్యాపార రేడియోలు ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన పాట బతికింది కమ్యూనిటీ స్టేషన్లలో, బడుల్లో, జైళ్లలో, సభల్లో. పాట విన్న వారు దగ్గరికి వచ్చి, నన్నూ అలాగే తీసుకుపోయారు అని చెప్పడం మొదలైంది. తమకు జరిగినది తమ ఒక్కరి తలరాత అనుకున్నవారికి అది ఒక విధానమని అర్థమైంది.

1995లో జాతీయ విచారణ మొదలైంది. 535 మంది ఆదివాసులు సాక్ష్యం చెప్పారు. 1997 మే 26న నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఇదంతా ఒక్క పాట వల్లే జరిగిందనడం తప్పు. తల్లులు, సంఘాలు, న్యాయవాదులు దశాబ్దాలు పోరాడారు. అయితే నివేదిక రావడానికి ఏడేళ్ల ముందే ఆ మాట జనం చెవిలో వేసింది ఆ పాట.

2010లో రూబీ చనిపోయింది. అదే ఏడాది ఆర్చీకి పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడాది ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలింది. అయినా 2012లో కొత్త ఆల్బమ్ తెచ్చాడు, 2019లో ఆత్మకథ రాశాడు. 2020లో ఏరియా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే ఆ సాయంత్రం పాడాడు. అదే ఏడాది ఆ పాట పిల్లల బొమ్మల పుస్తకంగా వచ్చింది. బొమ్మలు రూబీ వేసినవి.

మనం తీసుకోవలసినవి

మన దగ్గర పాటకు కొదవ లేదు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథలు, కోయ వంశాల చరిత్ర నోటితోనే చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయనతో పోయిన కథలు ఎన్నో లెక్క ఎవరి దగ్గర ఉంది? ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీలో కార్యక్రమాలు వేస్తోంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడుపుతున్నారు. అంటే దారి మన ఇంటి పక్కనే ఉంది.

మొదటిది, మన పెద్దల పాటలను ఇప్పుడే రికార్డు చేయాలి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడే పాట అన్నది రాసి ఉంచాలి. ఫోన్ చాలు. విశ్వవిద్యాలయాల్లో చదివే మన పిల్లలు దీన్ని సెలవుల పనిగా పెట్టుకోవచ్చు. రెండోది, కొత్తగా పాట కట్టేవారు తమ పేరు వదులుకోకూడదు. 'జానపదం' అని రాసేస్తే హక్కు ఎవరిదీ కాకుండా పోతుంది. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ హక్కును గట్టిపరిచింది. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేముందు చదివించుకోవాలి. రూబీ పాట కింద రూబీ పేరు ఉన్నట్టే మన అమ్మల, అక్కల పాటల కింద వారి పేర్లు ఉండాలి.

మూడోది, హాస్టల్లో చదివి వచ్చిన మన పిల్లల్లో ఇంటి భాష రానివారు ఉన్నారు. వారిని ఎవరూ బలవంతంగా తీసుకుపోలేదు, చదువు కోసం మనమే పంపాం. ఆ చదువు కావాలి కూడా. కానీ సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లకు అవ్వ పాట అర్థం కాకపోతే ఆ లోటు మనదే. ఈసారి పండగకు పిల్లలు ఊరికి వచ్చినప్పుడు అవ్వ పక్కన కూర్చోబెట్టి ఒక్క పాటైనా నేర్పించండి. దాన్ని రాసి మన సంఘానికి పంపితే వచ్చే సంచికలో, పాడిన అవ్వ పేరుతో వేసుకుందాం.