పాత అంబాసిడర్ జమాఖర్చులు

పాత అంబాసిడర్ యజమానిని "లీటరుకెంత ఇస్తుంది?" అని అడిగితే మాట మార్చేవాడు. ఉన్న సంగతి అది.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు అంబాసిడర్‌గా తయారుచేశారు. చిరకాలం దానికి 1489 సి.సి. పెట్రోలు ఇంజనే ఉండేది. బరువు టన్నుకు పైమాటే. వేసవిలో పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైతే, దానిపై తడిగుడ్డ వేసి చెట్టునీడన కూర్చోవలసిందే. కింగ్‌పిన్నులకు గ్రీజు మరిచితే స్టీరింగు మొరాయించేది.

అయినా జనం దానిని నమ్మారు. లైసెన్సుల కాలంలో కొత్త కారుకు ఏళ్ళ తరబడి నిరీక్షణ. ఉన్నదానిని బ్రతికించుకోవడమే గతి. నమూనా అంతగా మారకపోవడం (నిజానికది కంపెనీ బద్ధకమే!) ఇక్కడ వరమయింది. పాత బండి నుండి ఊడదీసిన భాగం మరొకదానికి అమరేది. చిన్న ఊరి మెకానిక్కుకు సైతం ఆ ఇంజను కరతలామలకం. కనుక ఖర్చు తరచుగా వచ్చేది, కొద్దికొద్దిగా వచ్చేది. మధ్యతరగతి గృహస్థుకు ఆ వాయిదాల పద్ధతే అనుకూలం.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 796 సి.సి. ఇంజనుతో తక్కువ త్రాగింది, తక్కువ ఆగింది. లెక్క తారుమారయింది. అంబాసిడర్లు మాత్రం తుక్కుకు పోలేదు. పెట్రోలు ఇంజను తీయించుకుని, డీజిలు ఇంజనుతో ఎన్నో బండ్లు టాక్సీ స్టాండ్లకు చేరాయి.