పాత పేపర్ కటింగ్‌కి అడ్రస్ ఏది?

ఈ రోజు నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను.

ఎం.ఏ. ప్రాజెక్టు రాసేటప్పుడు నాకు ఒక పాత పేపర్ కటింగ్ ఫొటో దొరికింది. ఒక అధ్యాయం మొత్తం దాని మీదే నిలబెట్టాను. కింద ‘ఆంధ్రపత్రిక, 1914’ అని రాసి వదిలేశాను. మా గైడ్ గారు చూసి ఒక్కటే అడిగారు: "ఏ ఆంధ్రపత్రిక, బాబూ?"

పేరు రాశాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. అసలు కథ అక్కడే ఉంది.

కాశీనాథుని నాగేశ్వరరావు గారు, అదేనండీ అమృతాంజనం ఆయన, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1910 నుంచి ఉగాదికి ప్రత్యేక సంచికలు వేశారు. 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో అదే పేరుతో దినపత్రిక వచ్చింది. అంటే నేను రాసిన ఆ రెండు ముక్కలు పట్టుకుని వెళ్తే, ఆ ఒక్క ఏడాదివే వందల సంచికలు తిరగేయాలి!

పోనీ, ఉగాది సంచిక అనుకుందాం. వాటికి తెలుగు సంవత్సరాల పేర్లుంటాయి. ‘ఆనంద’ అని రాస్తే సరిపోదు. ఆ సంవత్సరం 1914 ఉగాదికి మొదలై 1915 దాకా నడిచింది. అరవై ఏళ్లకు, 1974లో, మళ్లీ ఆనందే వచ్చింది. అందుకే పక్కన ఇంగ్లిష్ సంవత్సరం కూడా వేయాలి.

మరి ఎలా రాయాలి? వ్యాసకర్త పేరు, శీర్షిక, పత్రిక పేరు, పూర్తి తేదీ, పేజీ. పేరు లేని వార్తయితే శీర్షికతోనే మొదలుపెట్టండి, ఊహించి ఎవరి పేరూ తగిలించొద్దు. 1924లో నాగేశ్వరరావు గారే పెట్టిన ‘భారతి’ లాంటి మాసపత్రికైతే నెలతో పాటు సంపుటి, సంచిక నంబర్లు కూడా. ఇప్పటి పేపరైతే ఎడిషన్ పేరు తప్పనిసరి, ఎందుకంటే ఒక జిల్లాలో వచ్చిన వార్త పక్క జిల్లా పేపర్లో ఉండకపోవచ్చు.

ఇదంతా మార్కుల కోసం కాదు. మనం చెప్పింది నిజమో కాదో ఇంకొకరు వెళ్లి చూసుకోగలగాలి. ఆ దారి మూసేస్తే మనది చరిత్ర కాదు, ఫార్వర్డ్ మెసేజే.

నా కటింగ్ తేదీ ఎంత వెతికినా దొరకలేదు. ఆ అధ్యాయం తీసేశాను.

అందుకే లైబ్రరీలో ఫోన్ తీసినప్పుడు ముందు పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు ఉన్న పైభాగం ఫొటో తీయండి. వార్త ఆ తర్వాతే. మళ్లీ కలుద్దాం.