ఆటోఇమ్యూన్ వ్యాధులకు యాంటీబాడీ మందులు: చరిత్ర, హైదరాబాద్ పాత్ర

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడికి దిగితే వచ్చేవి ఆటోఇమ్యూన్ వ్యాధులు. రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ ఈ కోవలోవే. ఆ దాడికి కారణమయ్యే ఒక్క అణువునో, ఒక్క రకం కణాన్నో వెతికి పట్టుకునే యాంటీబాడీలను ల్యాబుల్లో తయారుచేసి మందుగా ఎక్కించడం 1990లలో ఊపందుకుంది.

ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. దాన్ని కీళ్లవాతం దాకా తెచ్చిన ఇద్దరిలో ఒకరు లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ. ఆయనా, మార్క్ ఫెల్డ్‌మన్ కలిసి 1992లో లండన్‌లో టీఎన్ఎఫ్ అనే వాపు కారకాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను రోగులకు ఇచ్చి చూశారు. నొప్పులు, వాపులు త్వరగానే తగ్గాయి. అయితే కొందరిలో శరీరం ఆ మందుకే విరుగుడు యాంటీబాడీలు పుట్టించుకుంది. తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ కలిపితే ఆ బెడద తగ్గి, మందు గుణం ఎక్కువకాలం నిలిచింది. మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ల్యాబుల్లో సాగిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనల ఫలం. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ బిళ్లకు కీళ్లవాతంలో అమెరికా అనుమతి దొరికింది 1988లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు.

రిటుక్సిమాబ్‌దీ క్యాన్సర్ దారే. రోగనిరోధక వ్యవస్థకు చెందిన బి కణాల మీదుండే సీడీ20 అనే అణువును పట్టుకుని వాటిని తుడిచేసే ఈ యాంటీబాడీకి 1997లో లింఫోమాకు, 2006లో మెథోట్రెక్సేట్‌తో కలిపి కీళ్లవాతానికి అమెరికా అనుమతి వచ్చింది. అయితే ధర వల్ల అది మన రోగికి అందేది కాదు. 2007లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ హైదరాబాద్ శివారు బాచుపల్లిలో దానికి సరిపోలే మందును (బయోసిమిలర్‌ను) తయారుచేసి, 'రెడిటక్స్' పేరుతో దాదాపు సగం ధరకే విడుదల చేసింది. బతికున్న కణాల్లో పెంచి, వడకట్టి, శుద్ధిచేసే ఇలాంటి మందుకు అచ్చుగుద్దినట్టు నకలు రాదు. సరిపోలిందని పరీక్షలతోనే చూపాలి. అలాంటి మందులకు మనదేశంలో ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చింది 2012లోనే. అందుకే తొలినాళ్ల ఆధారాలు చాలవన్న విమర్శ సబబైనదే. అయినా ఈ చరిత్రలో మన ప్రాంతానికి సంబంధించి అన్నిటికన్నా పెద్ద మలుపు ఆ ధర తగ్గడమే. రెడిటక్స్ మొదట లింఫోమాకే వచ్చినా, తర్వాత కీళ్లవాతానికీ వాడుకలోకి వచ్చింది. హైదరాబాద్‌దే అయిన హెటెరో 2018లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్‌ను 'మబురా'గా తెచ్చింది.

కీళ్లవాతానికి రిటుక్సిమాబ్‌ను మామూలుగా రెండు వారాల తేడాతో రెండుసార్లు, ఒక్కోసారి 1000 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కిస్తారు. ముందుగా పారాసిటమాల్, అలర్జీ మందు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత సెలైన్‌లో కలిపిన మందును మొదట చాలా నెమ్మదిగా వదిలి, అరగంటకోసారి వేగం కొంచెం కొంచెం పెంచుతారు. మొదటిసారి ఎక్కించడానికి నాలుగు గంటల పైనే పడుతుంది. చలి, వణుకు, దద్దుర్లు కనిపిస్తే నర్సు వెంటనే ఆపేస్తుంది. బి కణాలు మళ్లీ పుట్టడానికి నెలలు పడుతుంది కాబట్టి తర్వాతి విడత దాదాపు ఆర్నెల్లకు.

ఒంట్లో అణిగి ఉన్న క్షయ క్రిములను రోగనిరోధక కణాల గడ్డల్లో బంధించి ఉంచడానికి టీఎన్ఎఫ్ కావాలి. దాన్ని ఆపితే క్షయ తిరగబెట్టవచ్చు. క్షయ ఎక్కువున్న మన దేశంలో అందుకే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. రిటుక్సిమాబ్‌తో ఆ భయం తక్కువ, కానీ హెపటైటిస్-బి తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి దానికి ముందు ఆ రక్తపరీక్ష జరగాలి.