ఇంటర్‌లోనే యూనివర్సిటీ కోర్సు చదవొచ్చా? ఆ సర్టిఫికెట్‌కు విలువెంత?

ఐఐటీలో బీటెక్ సీటు కావాలంటే సాధారణంగా జేఈఈ రాయాల్సిందే. ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే పాఠం వినడానికి మాత్రం జేఈఈతో పనిలేదు. ఇంటర్ విద్యార్థి కూడా ఫోన్‌లో ఆ కోర్సులో చేరొచ్చు. అసైన్‌మెంట్లు చేసి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

అయితే ఆ సర్టిఫికెట్ రేపు డిగ్రీలో లెక్కకొస్తుందా? సీటు తెచ్చిపెడుతుందా? తల్లిదండ్రులు తికమకపడేది ఇక్కడే. పాఠం, సర్టిఫికెట్, క్రెడిట్, అడ్మిషన్... ఈ నాలుగూ వేర్వేరు. ఏ కోర్సు వీటిలో ఏది ఇస్తుందో తెలుసుకున్నాకే డబ్బు, సమయం పెట్టాలి.

ఉచితంగా ఎక్కడ చదవొచ్చు?

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన పోర్టల్ స్వయం. ఇందులో ఇంజినీరింగ్, సైన్స్ కోర్సుల్లో ఎక్కువ భాగం ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ నుంచి వస్తాయి. కోర్సులు 4, 8, 12 వారాలు ఉంటాయి. ఏటా జనవరి, జులై నెలల్లో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. చేరడానికి, పాఠాలు వినడానికి ఫీజు లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

మార్కులు ఎలా వేస్తారు?

ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సులో ఎక్కువ మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటు తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. పరీక్షను ఇంట్లో కూర్చుని రాయడం కుదరదు, కేంద్రానికి వెళ్లాలి. అందుకే వీడియోలు చూస్తే వచ్చేసే సర్టిఫికెట్ల కంటే దీనికి విలువ ఎక్కువ.

డిగ్రీలో క్రెడిట్లు వస్తాయా?

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి యూనివర్సిటీలు అనుమతించవచ్చు. సాధారణంగా 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. కానీ ఈ ఏర్పాటు ఇప్పటికే డిగ్రీలో చేరినవారి కోసం. ఇంటర్‌లో సంపాదించిన సర్టిఫికెట్‌కు క్రెడిట్ ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత చేరే కాలేజీ, యూనివర్సిటీ ఇష్టం. ‘ఇప్పుడే క్రెడిట్లు గ్యారంటీ’ అని ఎవరైనా కోర్సు అంటగడితే, ఏ యూనివర్సిటీ ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి.

అడ్మిషన్‌కు దారి చూపే కోర్సు ఉందా?

ఉంది. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అవసరం లేదు. 11వ తరగతి, అంటే మన ఇంటర్ ఫస్టియర్, పరీక్షలు రాసినవారు ఏ గ్రూపైనా దరఖాస్తు చేసుకోవచ్చు. పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉండాలి కాబట్టి బైపీసీ, సీఈసీ విద్యార్థులకూ అవకాశం ఉంది.

దరఖాస్తు చేశాక నాలుగు వారాలు పాఠాలుంటాయి: మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లిష్. అసైన్‌మెంట్లలో నిర్ణీత మార్కులు వస్తే కేంద్రానికి వెళ్లి క్వాలిఫయర్ పరీక్ష రాయాలి. పాసైనా, డిగ్రీలో చేరేది ఇంటర్ పూర్తయ్యాకే. ఇది క్యాంపస్ బీటెక్ కాదు, బీఎస్ డిగ్రీ. దరఖాస్తుకు, ఆ తర్వాత కోర్సులకు ఫీజులుంటాయి. అదే సంస్థ నడిపే ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బీఎస్‌కు మాత్రం ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి.

అమెరికాలో పిల్లలు చదివే ‘ఏపీ’ ఇదేనా?

అక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్‌లోనే కాలేజీ స్థాయి సబ్జెక్టు చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు. చాలా కాలేజీలు 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే క్రెడిట్ ఇస్తాయి. కొన్ని 4 లేదా 5 అడుగుతాయి. అక్కడ కూడా తుది మాట కాలేజీదే. అయితే ఏ స్కోరుకు ఎంత క్రెడిట్ ఇస్తారో చాలా కాలేజీలు ముందే ప్రకటిస్తాయి. స్వయం కోర్సులు చదివే మన ఇంటర్ విద్యార్థికి అలాంటి హామీ లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

జనవరి బ్యాచ్ ఎన్‌పీటెల్ పరీక్షలు ఏప్రిల్ ప్రాంతంలో ఉంటాయి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, జేఈఈ మెయిన్, ఎప్‌సెట్ ప్రిపరేషన్ కూడా ఆ నెలల్లోనే. సెకండియర్ విద్యార్థి అప్పుడు కొత్త కోర్సు నెత్తికెత్తుకోవడం మంచిది కాదు. ఫస్టియర్‌లో జులై బ్యాచ్ నయం. ఐఐటీ మద్రాస్ డిగ్రీకి ఏటా జనవరి, మే, సెప్టెంబర్ టర్ములున్నాయి. ఫస్టియర్ పరీక్షల తర్వాత వచ్చే వేసవి దరఖాస్తుకు అనువైన సమయం.

చేరేముందు ఇవి చూడండి

• కోర్సు పేజీలో ముందుగా ఏం తెలిసి ఉండాలన్నారో చదవండి. ‘జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ లాంటివి కోడింగ్ రానివారికీ పనికొస్తాయి. డేటా స్ట్రక్చర్స్ కోర్సులకు కాస్త ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలి.

• మొదటి రెండు వారాల అసైన్‌మెంట్లు చేశాకే పరీక్ష ఫీజు సంగతి ఆలోచించండి. గడువు తేదీ మాత్రం ముందే రాసిపెట్టుకోండి.

• హాస్టల్‌లో ఉంటే ఫోన్, ల్యాప్‌టాప్ వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో కాలేజీని అడగండి. అసైన్‌మెంట్లకు ప్రతి వారం గడువు ఉంటుంది.

• ఒకసారికి ఒక్క కోర్సే తీసుకోండి.

క్రెడిట్ రాకపోయినా ఈ చదువు వృథా పోదు. కంప్యూటర్ సైన్స్ తనకు నచ్చుతుందో లేదో నాలుగేళ్ల బీటెక్‌లో చేరి లక్షలు కట్టాక తెలియడం కంటే, 12 వారాల ఉచిత కోర్సులో తెలియడం మేలు.