మన్రో నియామకాలు – మన చదువులు

దొనకొండ స్టేషనులో గిద్దలూరు వైపు రైలెక్కితే గజ్జెలకొండ దాటాక మార్కాపురం, తర్లుపాడు, కంభం వస్తాయి. మార్కాపురం, కంభం సీమను 1800లో నిజాం కంపెనీకి ధారపోశాడు. అలా ఏర్పడిన దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరూ ఆయనే. దత్తమండలాల జనం పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. ఆ అభిమానాన్ని వెక్కిరించాలని నాకు లేదు. 1807లో తాను సిఫార్సు చేయగా పైవారు తోసిపుచ్చిన నాలుగోవంతు శిస్తు తగ్గింపును, గవర్నరయ్యాక తానే అమలు జరిపాడు. మెట్టచేను నమ్ముకున్న రైతుకు అది చిన్న సంగతి కాదు. కాకపోతే తగ్గించక తప్పనంత శిస్తు మొదట విధించిందీ ఆయన హయాంలోనే.

గవర్నర్ల ప్రభావాన్ని శిలావిగ్రహాల్లో వెతకడం మనకు అలవాటు. నేను నియామకాల్లో వెతుకుతాను. గవర్నరుగా వచ్చిన కొత్తలో మన్రో సెంట్ జార్జి కోట కాలేజీలో సివిలు ఉద్యోగులకు దేశభాషల అవసరం గురించి ఉపన్యసించాడు. విన్నవారిలో సి.పి. బ్రౌన్ ఒకడు. 1820 ఆగస్టులోనే అతణ్ణి కడపకు పంపారు. అప్పటికి కంభం కూడా కడప జిల్లాలోదే. 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు! బ్రౌన్ సొంత శ్రమను, సొంత డబ్బును కాదనను. కాని శిస్తు వసూలు చేసే దొరకు రైతు భాష కావలసి వచ్చిందన్న భౌతిక సత్యాన్ని సాహిత్య విద్యార్థులు విస్మరించరాదు.

1822లో మన్రో బడుల లెక్క తీయించాడు. 1826 నాటికి తేలినవి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే జనాభాలో 67 మందికి ఒకరు. పక్కనున్న బళ్ళారి జిల్లాలో 6,641 మందిలో బాలికలు 60 మంది. సీమబట్ట వచ్చి నేతగాడు చితికాడనీ, ప్రజల పేదరికమే బడులను మూయిస్తున్నదనీ ఆ జిల్లా కలెక్టరు క్యాంబెల్ 1823లో నివేదించాడు. కంపెనీ ఉద్యోగి నోటనే ఈ మాట!

మన్రో ప్రతిపాదించిన మందు తాలూకాకొక బడి, పంతులుకు నెలకు 9 రూపాయలు, ఆపైన పిల్లల జీతం. మొత్తం ఖర్చు ఏడాదికి 48,000 రూపాయలు. కంభంలో పెట్టిన బడికి మార్కాపురం పొలాల్లోని కూలిబిడ్డ ఎలా చేరతాడు? దేశీయులను పెద్ద ఉద్యోగాలకు దూరంగా ఉంచితే వారి శీలం దిగజారుతుందని 1824 డిసెంబరు 31న రాసింది కూడా మన్రోయే. ఉదారమైన మాటే. అయితే ఆ ఉద్యోగాలు అందేది అప్పటికే కలం పట్టినవారికి. మన తొలి ఆధునిక వచనం కూడా ఆ కచేరీ వర్గం నుంచే వచ్చింది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ.

1827 జూలై 6న పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు. ఆయన తాలూకా బడులను 1836లో ఎత్తివేశారు. తాలూకా కచేరీ మాత్రం 1985లో మండలాలు వచ్చేదాకా నడిచింది.