ఐ.పి. రిజిస్టరులో మా తాతగారు

మా చిన్నతనంలో మా ఇంట్లో "ఐ.పి." అనే మాట ఎవరూ అనేవారు కాదు. ఫలానా షావుకారు ఐ.పి. పెట్టాడట అని అరుగు మీద ఎవరైనా చెప్పుకుంటుంటే మా నాన్నగారు లేచి లోపలికి వెళ్లిపోయేవారు. కారణం నాకు 1974లో తెలిసింది. అప్పుడు నేను కృష్ణా డెల్టాలోని ఒక సబ్ కోర్టులో కొత్తగా చేరిన గుమస్తాను. రికార్డు గదిలో చెదలు పడితే పాత రిజిస్టర్లు ఎండలో పెట్టమన్నారు. 1934 నాటి ఐ.పి. రిజిస్టరు దులుపుతుంటే ఒక పేజీలో మా ఇంటిపేరు, మా ఊరు, మా తాతగారి పేరు కనబడ్డాయి.

ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగితే ఇదే రాయాలనిపించింది. బంధువులకు హామీ సంతకాలు పెట్టి నిద్ర పట్టక తిరిగేవారు మన సభ్యుల్లోనూ ఉన్నారు గనుక.

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషను, అనగా దివాలా దరఖాస్తు. మనవాళ్ల నోట అది తిట్టయిపోయింది గాని, చట్టం ఉద్దేశం వేరు. పూర్వం డిక్రీ బాకీ తీర్చలేనివాడిని జైలుకు పంపేవారు. (అక్కడ వాడి బత్తెం అప్పిచ్చినవాడే కట్టాలి. ఆ నియమం నేటికీ ఉంది.) 1848లో వచ్చిన దివాలా చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే పరిమితం. మన జిల్లాల వంటి ప్రాంతాలకు ప్రత్యేక చట్టం 1907లో వచ్చింది. దాని స్థానంలో 1920లో వచ్చిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు కిందనే మా తాతగారు దరఖాస్తు పెట్టారు.

ఆ చట్టం ప్రకారం అప్పు 500 రూపాయలకు తగ్గకుండా ఉండి, తీర్చే శక్తి లేనివాడు తన ఆస్తి, అప్పుల జాబితాతో కోర్టుకు రావచ్చు. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి అఫిషియల్ రిసీవరు చేతికి పోతుంది. ఆయన దాన్ని అమ్మి అప్పులవాళ్లకు పంచుతాడు. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఏ అప్పులవాడూ విడిగా అతని మీద పడకూడదు. చివర డిశ్చార్జి ఉత్తర్వు వస్తే మిగిలిన అప్పు కొట్టివేసినట్టే. అయితే సర్కారు బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు, భార్యాబిడ్డల మనోవర్తి అప్పుడు కూడా పోవు. తనఖా పట్టినవాడి హక్కు తనఖా మీద అలాగే ఉంటుంది.

మా తాతగారి కథకు వస్తాను. 1930 తరువాత ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. మేనత్త పెళ్లికి, ఎడ్లకు రాసిన ప్రోనోట్లు వడ్డీతో పెరిగాయి. ఐ.పి. పెట్టడానికి నెల ముందు ఆయన ఎకరంన్నర మా నాయనమ్మ పేర రాశారు. రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉన్నది ఆ సంగతే. దివాలాకు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా ఇలా రాసిన దస్తావేజు చెల్లదు. రిసీవరు అర్జీ పెట్టి దాన్ని రద్దు చేయించి, ఆ పొలం కూడా వేలం వేయించారు.

అంతకంటే బాధాకరమైనది ఆఖరి గడి. గడువులోగా డిశ్చార్జికి దరఖాస్తు చేయనందున దివాలా ప్రకటన రద్దు అని 1936లో రాశారు. కోర్టు మెట్లెక్కడానికి సిగ్గుపడి మానేశారట. పొలమూ పోయింది, పంపకంలో తీరని అప్పులూ మళ్లీ లేచి కూర్చున్నాయి.

1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ మొత్తం పోయింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టినవారికి బాకీయే లేదు. ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. కాని ఆ చట్టం సాగు భూమిలో హక్కు ఉన్నవారికే. అప్పటికి మా తాతగారు కొట్లో పద్దులు రాసుకుంటున్నారు.

ఆ సాయంత్రం నాన్నగారితో రిజిస్టరు సంగతి అన్నాను. "నాకు తెలుసురా" అని ఇనప్పెట్టెలోంచి ఒక గుడ్డసంచి తీశారు. నిండా రసీదులే. తాతగారి ప్రోనోట్లు 1952 దాకా ఆయనే తీర్చారు.

కొన్నేళ్ల క్రితం ఇదంతా మళ్లీ గుర్తు చేసుకోవలసి వచ్చింది. మన సభ్యులే, రిటైరైన మాస్టారొకరు రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికొచ్చారు. బావమరిది ప్రోనోటు మీద ఆయనా సంతకం చేశారు. అతను ఊరు విడిచిపోయాడు, సమన్లు ఈయనకు వచ్చాయి.

"పెన్షన్ ఆపేస్తారటండీ. రేపే ఇల్లు అబ్బాయి పేర రాసేద్దామనుకుంటున్నాను" అన్నారు.

"మాస్టారూ, మా తాతగారు అదే చేశారు" అని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.

పెన్షన్ సంగతి అందరూ గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ పెన్షన్‌ను అప్పులవాడు జప్తు చేయించలేడు. 1871 నాటి పెన్షన్ల చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను రెండూ అదే చెబుతాయి. పెన్షన్, గ్రాట్యుటీ సొమ్ము చేతికి వచ్చాక కూడా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. (మనం లోను తీసుకుని మనమే రాసిచ్చిన వాయిదాలు వేరే సంగతి.) జైలు భయమూ అంతే. స్తోమత లేక కట్టలేనివాడిని ఆ కారణం ఒక్కదానికే జైలుకు పంపరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు తీర్పు రాశారు. ఉండీ ఎగవేసేవాడి మాట వేరు. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి ఊరు విడిచిపోవడం, ఇంట్లోనే దాక్కోవడం 1920 చట్టం దృష్టిలో దివాలా చర్యలు. వాటిని చూపించి అప్పిచ్చినవాడే మన మీద పిటిషను వేయవచ్చు.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలులోకి తెచ్చారు. మనబోటివాళ్లకు ఇంకా ఆ పాత చట్టమే. ఐ.పి. పెట్టేవారు డిశ్చార్జి గడువును మాత్రం క్యాలెండరులో రాసుకోవాలి.

మాస్టారికి ఐ.పి. అవసరం పడలేదు. ఇల్లు ఎవరి పేరా రాయలేదు. వకీలు ద్వారా కేసును లోక్ అదాలత్‌కు పెట్టించుకున్నారు. అవతలివారు వడ్డీ చాలావరకు వదులుకుని అసలు 40 వాయిదాల్లో పుచ్చుకోవడానికి ఒప్పుకున్నారు. అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు కూడా దావా వేసినవారికి తిరిగి వస్తుంది.

ప్రతినెలా పెన్షన్ పడిన మర్నాడు మాస్టారు వాయిదా కట్టి, రసీదు తెచ్చి నాకు చూపించి, కాఫీ తాగి వెళ్లేవారు. నలభయ్యో రసీదు వచ్చిన రోజున మాత్రం వాళ్లావిడను కూడా వెంటబెట్టుకొచ్చారు.