కంట్లం నుండి సైకిలు సంచి వరకు

మనిషి చక్రాన్ని కనిపెట్టకముందే బరువులు మోయడం నేర్చినాడు. చక్రం వచ్చిన తరువాత కూడ మోత తప్పలేదు. చక్రం పోగలిగినంత దూరం పోయి ఆగిన చోట, ఆ సామాను మళ్ళీ భుజం మీదికి రావలసినదే. దారి సగం చక్రాలమీద, సగం కాళ్ళమీద సాగేవారికి ఎట్టి సంచి కావలెను? ఈ ప్రశ్న నేటిది కాదు. మన ప్రాంతంలో దీనికి వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

ఖమ్మం నుండి సత్తుపల్లి పోయే దారిలో కల్లూరు ఉన్నది. దీనికి ఉత్తరంగా ఏన్కూరు, జూలూరుపాడు వైపు పోయినకొద్దీ అడవి దగ్గరవుతుంది. ఇంకను ఈశాన్యంగా పోయినచో గోదావరి, భద్రాచలం. పంటపొలాల నేలకు, అడవి నేలకు మధ్యనున్న ఇటువంటి తావులలో మోతపద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. తలమీద మోపు, భుజంమీద కావడి, సైకిలు క్యారియర్‌కు రెండువైపుల వ్రేలాడే పాల క్యాన్లు, బడిపిల్లల వీపులమీద పుస్తకాల సంచులు - వీటిలో ప్రతి ఒక్కటి ఒక భౌతికశాస్త్ర సమస్యకు ఒక సమాధానం.

కావడి లెక్క

కావడిబద్ద తక్కెడ వంటిది. భుజం దానికి ఆధారం. రెండు కొసల బరువులు సమానమైతే భుజానికి ఇరుప్రక్కల దూరాలు కూడ సమానంగా ఉండవలెను. ఒకవైపు 12 కిలోలు, రెండవవైపు 8 కిలోలు ఉన్నచో, మోసేవాడు బరువైన కొసవైపు భుజం జరుపుకొని, దూరాలను 2కు 3 నిష్పత్తిలో ఉంచుతాడు. బీజగణితం చదువకపోయినా ఈ లెక్క కోయ రైతుకు తెలుసు. కావడికి మరొక సుగుణం కూడ ఉన్నది: దించినప్పుడు ఉట్టెలలోని కుండలు నేరుగా నేలమీద నిలుస్తాయి. ఎత్తడానికి రెండవ మనిషి సాయం అక్కరలేదు.

అయితే శ్రమ మాటేమిటి? దత్తా, రామనాథన్ అను భారతీయ శాస్త్రజ్ఞులు 30 కిలోల బరువును ఏడు విధాలుగా మోయించి, మోసేవారు పీల్చుకొన్న ఆక్సిజన్‌ను కొలిచినారు. వారి పరిశోధన 1971లో ప్రచురింపబడినది. ముందొక సంచి, వెనుకొక సంచి వేసుకొని నడచినప్పుడు అన్నిటికంటె తక్కువ శ్రమ అయినది. దానిని 100 అనుకొంటే, తలమోతకు 103, వీపుసంచికి 109, కావడికి 129, రెండు చేతులతో మోసినప్పుడు 144 అయినది. సరుకు ఒక్కటే, దారి ఒక్కటే. తగిలించుకొన్న విధం మారినంతనే శ్రమ దాదాపు సగం పెరిగినది. బరువు శరీరపు గరిమనాభికి దగ్గరగా, ఇరువైపుల సమంగా ఉంటే శ్రమ తగ్గుతుందని దీనివలన తెలుస్తున్నది.

పెరిక ఎద్దులు

ముందు వెనుకలుగా మనిషికి తగిలించిన ఈ జంటసంచిని, కుడి ఎడమలుగా ఎద్దుకు తగిలిస్తే అదే కంట్లం. రెండు గోనెలను కలిపి ఎద్దు వీపుమీద వాలుగా వేసేవారు. అట్టి మోతను పెరిక అని, మోసే ఎద్దును పెరిక ఎద్దు అని అన్నారు. పెరిక కులంవారి పేరు ఈ మాటనుండియే వచ్చినది. కాకతీయుల కాలంలో కోస్తా రేవులకు, లోపలి పట్టణాలకు మధ్య సరుకు రవాణా ఎక్కువగా ఈ ఎద్దులమీదనే సాగినది. ఉప్పు పైనాటికి పోయేది. ధాన్యం, ప్రత్తి క్రిందికి వచ్చేవి. తరువాతి శతాబ్దాలలో ఈ పనిలో లంబాడీలు ప్రసిద్ధికెక్కినారు. 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారుగా నడవడం గురించి వ్రాసినాడు.

బండి ఉండగా కంట్లం ఎందుకు? బండికి బాట కావలెను. అడవిలో, కొండ కనుమలలో, వాగుల ఒడ్డున కాలిబాట మాత్రమే ఉంటుంది. అక్కడ కంట్లమే గతి. దాని నిర్మాణంలో మూడు సూత్రాలు ఉన్నవి. రెండువైపుల బరువు సమంగా ఉండవలెను. బరువు వీపుపై గుట్టగా కాక ప్రక్కలకు దిగి ఉండవలెను. మజిలీ చేరగానే సులభంగా దించగలగవలెను. 1889లో నిజాం రైలుమార్గం ఖమ్మం మీదుగా బెజవాడ చేరినది. దానితో బిడారుల వ్యాపారం క్షీణించినది గాని, ఆ మూడు సూత్రాలకు కాలదోషం పట్టలేదు.

ఐరోపాలోను ఇట్టి జంటబుట్టలే గాడిదలకు కట్టేవారు. వాటిని ఇంగ్లీషులో పానియర్లు అంటారు. లాటిను భాషలో పానిస్ అనగా రొట్టె. రొట్టెలబుట్ట పేరే ఫ్రెంచి భాష మీదుగా వచ్చి మోతసంచికి, ఆపై సైకిలు సంచికి స్థిరపడినది. కాబట్టి పానియర్‌ను మనం కంట్లం అనుటలో తప్పులేదు.

సైకిలు వచ్చినది

1817లో జర్మనీలో కార్ల్ ఫన్ డ్రైస్ రెండు చక్రాల బండి చేసినాడు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ పోవలసినదే. 1885లో ఇంగ్లండులో స్టార్లీ నేటి రూపానికి దగ్గరైన రోవర్ సైకిలును, 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చినారు. మన దేశంలో మద్రాసున 1949లో టి.ఐ. సైకిల్స్ సంస్థ స్థాపింపబడినది. 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీ ప్రారంభమైనది. అటుపై సైకిలు పల్లెలకు చేరినది.

నడిచేటప్పుడు అడుగడుగునకు శరీరపు గరిమనాభి కొన్ని సెంటీమీటర్లు లేచి పడుతుంది. వీపుమీది బరువు కూడ దానితోపాటు లేచి పడవలసినదే. చక్రంమీది బరువు మట్టమైన దారిలో లేవదు, పడదు. శ్రమ తగ్గడానికి ఇది ముఖ్య కారణం. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో వియత్నాం ప్రజలు సైకిళ్ళకు వెదురుకర్రలు కట్టి, ఒక్కొక్కదానిమీద 200 కిలోలకు మించిన సామాను వేసి, అడవిదారుల వెంట నెట్టుకొనిపోయినారు. ఆ బరువును ప్రక్కలకు వ్రేలాడగట్టినారు. అనగా ఆ సైకిలు ఒక పెరిక ఎద్దు అయినది.

వీపా, క్యారియరా?

వీపుసంచికి దాని చరిత్ర దానికున్నది. 1909లో నార్వే దేశస్థుడు బెర్గాన్, వీపు వంపునకు తగిన చట్రంతో సంచిని తయారుచేసినాడు. 1952 ప్రాంతంలో అమెరికాలో కెల్టీ అల్యూమినియం చట్రపు సంచులను అమ్మకానికి పెట్టినాడు. నడుము పట్టీ ద్వారా భుజాల బరువు కొంత తుంటి ఎముకలకు దిగినది. నడకకు ఇవి మంచివే. కాని సైకిలు మీద కథ వేరు. వీపుసంచి గరిమనాభిని పైకెత్తుతుంది. ముందుకు వంగినవాని మెడ, మణికట్లపై భారం వేస్తుంది. వీపుమీది చెమటను ఆరనివ్వదు. ఒక గ్రాము చెమట ఆవిరైతే శరీరం నుండి సుమారు 580 కెలోరీల వేడి పోతుంది. ఆరని చెమట వలన ఆ లాభం లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఖమ్మం జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

బడిసంచి బరువు విద్యార్థి బరువులో పదవ వంతును మించరాదని 2020 నాటి జాతీయ విధానం చెప్పినది. 42 కిలోల విద్యార్థికి ఇది సుమారు 4 కిలోలు. ఇంటినుండి బడికి ఆరు కిలోమీటర్లు సైకిలు త్రొక్కే విద్యార్థి, ఆ 4 కిలోలనైనా అరగంటసేపు వీపున మోయవలసిన పనిలేదు. పక్కన క్యారియర్ ఉన్నది.

ఒక్కవైపే సంచి తగిలిస్తే సైకిలు ఒరగదా? లెక్క చూతము. సంచి 4 కిలోలు, చక్రపు మధ్యతలానికి దాని దూరం 15 సెంటీమీటర్లు. విద్యార్థి, సైకిలు, సంచి కలిసి 64 కిలోలు. గరిమనాభి జరిగేది 4ను 15తో గుణించి 64తో భాగించినంత, అనగా ఒక సెంటీమీటరు కూడ లేదు. త్రొక్కేవాడు అర డిగ్రీ పైచిలుకు ఒరిగితే సరిపోతుంది. అతనికి ఆ సంగతియే తెలియదు. కాని 18 కిలోల సైకిలును దిగి నడిపించేటప్పుడు ఇదే సంచి గరిమనాభిని 2.7 సెంటీమీటర్లు జరుపుతుంది. స్టాండు వేసినప్పుడు సైకిలు పడేది అందువలననే. బరువు ఎక్కువైతే రెండు సంచులు కావలెను.

రెండు పనుల సంచి

1982లో జర్మనీలో హార్ట్‌మట్ ఓర్ట్‌లీబ్ స్థాపించిన సంస్థ, లారీలపై కప్పే టార్పాలిన్ వంటి గుడ్డతో వాననీరు చొరని సైకిలు సంచులను తయారుచేసినది. అటుపిమ్మట క్యారియర్‌కు తగిలించుకొనే కొక్కేలు, భుజాన వేసుకొనే పట్టీలు రెండూ గల సంచులు బజారుకు వచ్చినవి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొక్కేలకు గట్టి పలక కావలెను. వీపునకు మెత్తని దిండు కావలెను. రెండూ ఒకేవైపు ఉంటే కొక్కేలు వెన్నుకు గుచ్చుకొంటాయి, చక్రపు బురద చొక్కాకు అంటుతుంది. కొక్కేలు ఒకవైపు, పట్టీలు ఎదుటివైపు ఉండి, వాడనిదానికి మూత ఉన్న సంచి మేలు. పట్టీలు వ్రేలాడి చక్రపు ఊచలలో చిక్కుకొంటే ప్రమాదం గనుక, ఆ మూత అలంకారం కాదు.

కొనేముందు చూడవలసినవి మరికొన్ని ఉన్నవి. క్యారియర్ ఊచ చుట్టూ దారం చుట్టి, పొడవును 3.14తో భాగిస్తే దాని మందం తెలుస్తుంది; 31 మిల్లీమీటర్లు వస్తే ఊచ మందం సుమారు 10. సంచి కొక్కెం దానికి సరిపోవలెను. పెడలు త్రొక్కేటప్పుడు మడమ సంచికి తగులరాదు. గతుకులలో ఎగిరిపోకుండ కొక్కేనికి గడియ, సంచి అడుగున మరొక కట్టు ఉండవలెను. వెనుక వెలుగును తిప్పిపంపే పట్టీ ఉంటే చీకటిలో లారీవానికి కనబడుతుంది.

అన్నిటికంటె ముఖ్యం దారిని కొలుచుకోవడం. సైకిలు దిగిన తరువాత తరగతి గదికి వంద గజాలే నడక అయితే, మామూలు సైకిలు సంచికి ఒక చేతిపిడి చాలు. రెండు పనుల సంచికి అదనపు బరువు, అదనపు వెల అనవసరం. సైకిలును రోడ్డువద్ద విడిచి కాలిబాటన రెండు మైళ్ళు పోయే అడవిపల్లె ఉపాధ్యాయునికి మాత్రం ఆ సంచి నిజంగా ఉపకరిస్తుంది.

ఇంత వెల పెట్టలేనివారికి కంట్లం ఉండనే ఉన్నది. టార్పాలిన్ గుడ్డతో రెండు సంచులు కుట్టించి, వాటిని క్యారియర్ వెడల్పుగల దళసరి పట్టీతో కలపవలెను. చక్రంవైపు పలుచని పలక ఒకటి లోపల పెట్టవలెను. అడుగున క్యారియర్ కాళ్ళకు కట్టుకొనే త్రాళ్ళు ఉండవలెను. దించినప్పుడు ఆ పట్టీని భుజంపై వేసుకొంటే ఒక సంచి ముందుకు, ఒకటి వెనుకకు వస్తుంది. దత్తా, రామనాథన్ల కొలతలో అన్నిటికంటె తక్కువ శ్రమ అయిన పద్ధతికి ఇది దగ్గరిది. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఇట్టి సంచిని కుట్టించి, పుస్తకాలను రెండువైపుల తూచి సర్దించి, సైకిలుమీద ఒకరోజు, వీపుమీద ఒకరోజు మోయించి, బడి చేరగానే నాడి ఎంత వేగంగా కొట్టుకొనుచున్నదో లెక్కింపజేయవచ్చును.